సంచి విప్పాక ఏది ఎక్కడ పెట్టాలి?

(నెల్లూరు జిల్లా కావలిలో వేసవి ఆదివారం సాయంత్రం జరిగిన సమావేశంలో, కొన్న కూరగాయలు, పండ్లు ఇంట్లో పాడవకుండా ఎలా ఉంచుకోవాలనే విషయం మీద, కళాశాలలో గృహవిజ్ఞానశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకురాలి ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసివేశాం.)

అందరికీ నమస్కారం. వెనుక నిలబడినవారు ముందుకు రండి, ఈ రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. కూర్చోండమ్మా, కూర్చోండి. మగవారు కూడా వచ్చారు, సంతోషం. సంచి మోసేది మీరే కదా, ఇంటికి వచ్చాక ఆ సంచి ఏమవుతుందో మీకూ తెలియాలి.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. ఈ బల్ల మీద గోంగూర కట్ట ఉంది. తెల్లవారుజామున కొన్నాను. కట్టు విప్పలేదు, నీళ్లు చల్లలేదు, సంచిలోంచి ఇప్పుడే తీశాను. అమ్మా, పచ్చ చీర కట్టుకున్నవారు, మీరు ఇలా రండి. ఆ కట్ట నడిమధ్యకు వేళ్లు పోనివ్వండి. ఇంకా లోపలికి. ఎలా ఉంది? వెచ్చగా ఉంది కదూ? ఇప్పుడు పైన ఆకు మీద చెయ్యి పెట్టండి. మళ్లీ లోపల. తేడా తెలుస్తోందా? ఈ వేడి ఎక్కడి నుంచి వచ్చింది? ఎండ నుంచి కాదు, ఇది పొద్దుటి నుంచి నీడలోనే ఉంది. ఆ వేడి గోంగూరదే. కూర్చోండమ్మా, థాంక్స్.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఆ కట్ట లోపలే ఉంది. కోసిన ఆకు చచ్చిపోదు. చెట్టు నుంచి తెంపిన కాయ చచ్చిపోదు. అది మీ వంటింట్లో కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ తీసుకుంటుంది, తనలోని చక్కెరను కరిగించుకుంటుంది, కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి, వేడి బయటికి వదులుతుంది. మొక్కకు ఉన్నంతకాలం ఎండ, వేరు ఆ లోటు తీర్చేవి. కోశాక రాబడి ఆగిపోయింది, ఖర్చు మాత్రం ఆగలేదు. పెన్షన్ రాని ముసలాయన బ్యాంకులో దాచుకున్నది తీసి తింటున్నట్టు. ఆ డబ్బు ఎంత నిదానంగా ఖర్చయితే అన్ని రోజులు నిలుస్తాడు. కూరగాయలు నిలవ చెయ్యడమంటే ఆ ఖర్చును తగ్గించడమే, అంతకన్నా మరేమీ లేదు.

ఆ ఖర్చును అన్నిటికన్నా పెంచేది వేడి. పది డిగ్రీల వేడి పెరిగితే ఊపిరి వేగం రెండు మూడు రెట్లవుతుంది. కాబట్టి సంక్రాంతి రోజుల్లో రెండు రోజులు నిలిచిన తోటకూర ఈ మే నెలలో ఒక్క పూటకే తల వాల్చేస్తే, అమ్మినవాడిని తిట్టకండి. తిట్టవలసిన సందర్భాలు వేరే ఉన్నాయి, అవి తరువాత చెబుతాను.

ఇక్కడొక ముఖ్యమైన మాట. అన్నీ ఒకే వేగంతో ఊపిరి తీయవు. ఆకుకూరలు, బెండకాయ, పచ్చి బఠానీ, మొక్కజొన్న పొత్తు, పుట్టగొడుగులు, ఇవన్నీ రొప్పుతూ ఉంటాయి. ఉల్లి, బంగాళాదుంప, కంద, గుమ్మడి నిద్రపోతున్నంత నెమ్మదిగా తీస్తాయి. ఇప్పుడు మీ ఇంటి సంగతి చూద్దాం. సోమవారం సంతకు వెళ్లి అన్నీ తెచ్చారు. ఆ రాత్రి ఏం వండారు? బంగాళాదుంప వేపుడు. ఎందుకు? పిల్లలకు ఇష్టం. బెండకాయలు ఎప్పుడు వండారు? గురువారం. అప్పటికి వాటి అంచులు నల్లబడ్డాయి, ముదిరిపోయాయి. తోటకూర? శుక్రవారం చెత్తబుట్టలోకి. నవ్వుతున్నారు, అంటే నిజమే అన్నమాట. ఏ పెట్టె కొనకుండా, ఏ చిట్కా పాటించకుండా సగం పాడవడం ఆపే మార్గం ఇది: రొప్పేవాటిని ముందు వండండి, నిద్రపోయేవాటిని చివరికి ఉంచండి. మొదటి రోజు ఆకుకూర. రెండో రోజు బెండ, చిక్కుడు. తరువాత వంకాయ, బీర, సొర. వారం చివరికి దోసకాయ, కంద, బంగాళాదుంప. పిల్లల ఇష్టం శుక్రవారం తీర్చండి.

ఊపిరి తరువాత నీళ్లు. ఆకుకూరలో పదింట తొమ్మిది వంతులు నీరే. పాలకూర బరువులో నూటికి మూడు నుంచి ఐదు వంతుల నీరు పోతే చాలు, వాడినట్టు కనిపిస్తుంది. వాడిపోవడం వేరు, పండిపోవడం వేరు, ఈ రెండూ కలిపేయకండి. వాడిన ఆకును చల్లటి నీళ్ల గిన్నెలో కాడలు మునిగేలా ఇరవై నిమిషాలు ఉంచండి, లేచి నిలబడుతుంది. పసుపు పచ్చగా మారినది లేవదు. అది వయసు మీరింది, ఏం చేసినా వెనక్కి రాదు.

అయితే నీళ్లు కావాలి కదా అని కడిగి, నీళ్లు కారుతుండగానే పాలిథిన్ కవరులో కుక్కి ముడి వేస్తారు. రెండో రోజు తీస్తే జిగురు, వాసన. ఎందుకు? ఆకుకు కావలసింది తేమ ఉన్న గాలి. ఆకు మీద నీటి బొట్టు కాదు. ఆకు మీద బొట్టు నిలిచిందంటే బూజుకూ బాక్టీరియాకూ విందు పెట్టినట్టే. ఇంకొకటి, ముడి బిగించిన కవరులో ఆక్సిజన్ అయిపోతుంది, ఆకు ఊపిరాడక పులిసిపోతుంది. కాబట్టి ఇలా చేయండి. చూడండి, ఈ గోంగూర కట్టు విప్పుతున్నాను. మొదట ఆ వేడి పోవాలి. ఈ పళ్లెంలో పలచగా పరిచి పది నిమిషాలు ఫ్యాను కింద వదిలేద్దాం. మీరు ఇంట్లో చేసేటప్పుడు కుళ్లిన ఆకు, నలిగిన ఆకు ఏరి పారేయండి, ఒక్క కుళ్లిన ఆకు పది ఆకులను చెడగొడుతుంది. తరువాత పాత నూలు గుడ్డను తడిపి, గట్టిగా పిండి, దానిలో వదులుగా చుట్టి, నాలుగైదు చిల్లులు పొడిచిన కవరులో పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి. కడగడం వండే ముందే. పాత నూలు చీర అయితే ఇంకా మంచిది. వెంకటగిరి చీర మాత్రం చింపకండి.

గుడ్డే ఎందుకు, పేపరు చాలదా అని అడుగుతారు. మన ఇళ్లలో దినపత్రికలో చుట్టడం అలవాటే. కానీ అచ్చు సిరాలో ఒంటికి పడని పదార్థాలుంటాయి, ఆహారాన్ని దినపత్రికల్లో చుట్టవద్దని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా చెప్పింది. తడి ఆకు తగిలితే సిరా ఇంకా తొందరగా అంటుతుంది. గుడ్డ అయితే ఉతికి మళ్లీ వాడుకోవచ్చు.

కొత్తిమీరకు వేర్లుంటే కోయకండి. గ్లాసులో రెండంగుళాల నీళ్లు పోసి, వేర్లు మాత్రం మునిగేలా నిలబెట్టి, పైన కవరు వదులుగా కప్పండి. నీళ్లు రోజూ మార్చాలి. పచ్చిమిరపకాయలకు తొడిమలు తీసేయండి, కుళ్లు అక్కడి నుంచే మొదలవుతుంది. పొడిగా తుడిచి, గుడ్డ పరచిన డబ్బాలో వేయండి. కరివేపాకు సంగతి మీకే నాకన్నా బాగా తెలుసు.

పడమటి గాలి, సముద్రపు గాలి

ఇప్పుడు మన ఊరి సంగతి. కావలికి తూర్పున తుమ్మలపెంట సముద్రం, పడమర ఉదయగిరి కొండలు. మే నెలలో ఒక్కోరోజు పడమటి గాలి వీస్తుంది, ముఖం కాలిపోతుంది, పెదవులు పగులుతాయి. ఆ రోజు కుండలో నీళ్లు ఎలా ఉంటాయి? జివ్వుమంటాయి. ఇంకో రోజు మధ్యాహ్నం సముద్రపు గాలి తిరుగుతుంది, ఒళ్లంతా జిడ్డు. ఆ రోజు కుండలో నీళ్లు? గోరువెచ్చగానే ఉంటాయి. అదే కుండ, అదే ఇసుక, అదే నీడ. ఎందుకీ తేడా?

కుండ చల్లబడేది దాని గోడ నుంచి నీరు ఆవిరవడం వల్ల. గాలి ఎంత పొడిగా ఉంటే అంత ఆవిరి. లెక్క చెబుతాను. బయట 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకోండి. తడి గుడ్డ దాదాపు 24 డిగ్రీల దాకా చల్లబడగలదు. అదే 35 డిగ్రీలు, తేమ 65 శాతం అయితే, 29 దగ్గరే ఆగిపోతుంది. బయట ఏడు డిగ్రీలు తక్కువ ఉన్నా తడి గుడ్డ మాత్రం ఐదు డిగ్రీలు ఎక్కువ. విచిత్రంగా లేదూ?

నైజీరియాలో మొహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు 1990లలో కుండలో కుండ పెట్టే పద్ధతిని ఊరూరా ప్రచారం చేశాడు. పెద్ద కుండలో చిన్న కుండ, మధ్యలో తడి ఇసుక, పైన తడి గుడ్డ. మూడు రోజుల్లో పాడయ్యే వంకాయలు అందులో 27 రోజులు నిలిచాయని ఆ పద్ధతికి పేరు వచ్చింది. అది వినగానే రేపే రెండు కుండలు కొనాలనిపిస్తుంది. ఆగండి. ఆ ఉత్తర నైజీరియా గాలి ఎడారి గాలి. కనిగిరిలో, మార్కాపురంలో, ఉదయగిరిలో ఉన్న మీ చుట్టాలకు ఈ పద్ధతి చక్కగా పనికొస్తుంది. కావలిలో, అల్లూరులో, బిట్రగుంటలో ఉన్నవారు పడమటి గాలి రోజుల్లో మాత్రమే దాని మీద ఆశ పెట్టుకోవాలి.

ఇదే సూత్రం మీద ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థవారు 1980లలో ఇటుకలతో ఒక తొట్టి తయారుచేశారు. కరెంటు అక్కరలేదు. రెండు వరసల ఇటుక గోడ, మధ్యలో మూడంగుళాల సందు, ఆ సందు నిండా ఇసుక, ఉదయం సాయంత్రం నీళ్లు. పెరడు ఉన్నవారు, సొంత తోట ఉన్నవారు కట్టుకోవచ్చు. లోపల తేమ 90 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి, చల్లదనం అంతంతమాత్రంగా ఉన్న రోజు కూడా వంకాయ ముడత పడదు, ఆకు వాడదు. తీరప్రాంతానికి అది కూడా లాభమే. కట్టేది మాత్రం నీడలో, గాలి ఆడేచోట. ఎండలో కట్టి నీళ్లు పోసేవారికి నీళ్ల ఖర్చే మిగులుతుంది.

వేసవి సరే. మనకు ఇంకో శత్రువుంది. మన జిల్లాకు వర్షం ఎప్పుడు? అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనాలు. అప్పుడు ఎండబెట్టే శత్రువు పోయి కుళ్లబెట్టే శత్రువు వస్తాడు. మేలో ఉల్లిపాయకు భయం లేదు. నవంబరులో ఉల్లి పొర మీద నల్లటి పొడి కనిపిస్తుంది, చూశారా? అది మట్టి కాదు, బూజు. పై పొరల మీదే ఉంటే ఆ పొరలు తీసేసి, కడిగి, ముందు అవి వాడేయండి. లోపలి కండలోకి దిగితే పారేయండి. ఉల్లిని వలసంచిలో, గాలి ఆడేచోట వేలాడదీయాలి. బంగాళాదుంప పక్కన పెట్టకూడదు, దుంప వదిలే తేమకు ఉల్లి మొలకెత్తి మెత్తబడుతుంది. రెండింటినీ ఒకే బుట్టలో వేసేవారు చేతులెత్తండి. సగం మంది ఎత్తారు. మిగతా సగం మందికి మొహమాటం.

బూడిదగుమ్మడి గుమ్మానికి కడతాం, నెలల తరబడి అలాగే ఉంటుంది. ఎలా? ఆ తెల్లటి బూడిద నిజానికి మైనం. నీరు బయటికి పోకుండా, బూజు లోపలికి రాకుండా కాపాడేది అదే. వంటకు దాచుకున్న కాయను అందంగా ఉండాలని తుడవకండి. గోకిన కాయ, పడి దెబ్బతిన్న కాయ నిలవవు. ఆ మాటకొస్తే ఏ కాయ అయినా అంతే. సంచిలో కింద కంద, పైన టమాటా వేయించుకోవడం దుకాణంలోనే నేర్చుకోవాలి.

ఉలవపాడు మామిడి ఇంటికి వచ్చాక

మే నెలలో మామిడి గురించి మాట్లాడకుండా వెళితే మీరు ఒప్పుకోరు. ఉలవపాడును జిల్లాల లెక్కల్లో అటూ ఇటూ మార్చారు గానీ, మామిడి తీపి మారలేదు. హైవే పక్కన కారు ఆపి బుట్ట కొంటాం. ఇంటికి వచ్చాక?

కాయ ముదిరిందో లేదో ముందు చూడండి. ముదిరిన కాయకు తొడిమ పక్కన భుజాలు పైకి లేస్తాయి, తొడిమ గుంటలో కూర్చున్నట్టు కనిపిస్తుంది. బకెట్ నీళ్లలో వేస్తే ముదిరిన కాయ సాధారణంగా మునుగుతుంది, లేతది తేలుతుంది. లేత కాయను ఎంత మాగవేసినా మెత్తబడుతుందే తప్ప తీపి రాదు. తొడిమ మొదలంటా విరిచిన కాయకు సొన కారి తొక్క మీద నల్లటి చారలు పడతాయి, అక్కడే కుళ్లు మొదలవుతుంది. తొడిమ కాస్త మిగిలిన కాయలు ఏరుకోండి.

మాగవేయడం అంటే ఏమిటి? పండే కాయ ఎథిలీన్ అనే వాయువును వదులుతుంది. ఆ వాయువే కాయను పండిస్తుంది, పక్క కాయను కూడా పండిస్తుంది. ఒకప్పుడు ఐరోపా నగరాల్లో గ్యాసు దీపాల పక్కన చెట్లు వేళ కాని వేళ ఆకులు రాల్చేవి. దానికి కారణం గ్యాసులోని ఎథిలీన్ అని 1901లో రష్యాలో నెల్యుబోవ్ అనే విద్యార్థి బఠానీ మొలకల మీద ప్రయోగాలతో తేల్చాడు. పండే పండు తనే ఆ వాయువును తయారుచేస్తుందని 1934లో ఇంగ్లండులో గేన్ నిరూపించాడు. మన తాతలు ఆ పేరు వినలేదు గానీ, గదిలో వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, మళ్లీ గడ్డి కప్పేవారు. గడ్డి ఆ వాయువును నిలిపేది, తేమను పీల్చేది, కాయకు దెబ్బ తగలనిచ్చేది కాదు. మనది వరి జిల్లా, గడ్డికి కరువా? లేకపోతే అట్టపెట్టె చాలు. ఒకే వరస, తొడిమ కిందికి, రోజూ ఒకసారి తీసి చూడాలి. గది మరీ వేడిగా ఉంటే లోపల పండి పైన ఆకుపచ్చగానే ఉండిపోతుంది. రంగు చూసి మోసపోకండి, వాసన చూడండి.

తిట్టవలసిన సందర్భం చెబుతానన్నాను. ఇదే అది. కొందరు కార్బైడుతో పండిస్తారు. దానికి తేమ తగిలితే ఎథిలీన్‌లాగే కాయను పండించే అసిటిలీన్ అనే వాయువు వస్తుంది, దానితోపాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ లాంటి విషపదార్థాల జాడలు. దానితో పండ్లు పండించడం మన దేశంలో నిషేధం. ఎథిలీన్ వాయువును మితంగా, మిలియన్‌లో 100 వంతులకు మించకుండా వాడవచ్చు. అది కాయ తనంతట తాను చేసుకునే వాయువే. రెండూ ఒకటేనని దుకాణదారు అంటే నమ్మకండి.

పండాక మచ్చలు వస్తాయి, నల్లగా, చిన్నగా, రోజురోజుకూ పెద్దవవుతాయి. అవి మీ ఇంట్లో పుట్టినవి కావు. తోటలో పిందె నాడే అంటుకున్న శిలీంధ్రం అది, కాయ పండేదాకా తొక్కలో దాక్కుని ఉంటుంది. పచ్చి కాయలను 52 డిగ్రీల వేడి నీళ్లలో ఐదు నుంచి పది నిమిషాలు ముంచి తీస్తే అది చాలావరకు చస్తుంది. థర్మామీటర్ ఉన్నవారే చేయండి. చేత్తో చూసి అంచనా వేస్తే కాయ ఉడుకుతుంది. తీశాక చల్లార్చి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు మాగవేయాలి.

పచ్చి మామిడిని ఫ్రిజ్‌లో పెట్టి తరువాత పండిద్దాం అనుకుంటే అది పండదు, చలికి దెబ్బతింటుంది. పండాక పెట్టండి, నాలుగైదు రోజులు తినండి. అరటి, బొప్పాయి, సపోటా, జామ, సీతాఫలం కూడా ఇలా కోశాక పండే జాతే. ద్రాక్ష, దానిమ్మ, బత్తాయి, నిమ్మ, అనాస కోశాక పండవు. పుల్లటి ద్రాక్ష కొని రెండు రోజులు ఆగితే తీపవుతుందని ఎవరైనా చెబితే, కుళ్లుతుంది అంతే.

ఇప్పుడు అసలు చిక్కు. అరటి గెల, పండిన మామిడి ఎక్కడ పెడతారు? కూరగాయల బుట్ట పక్కనే. ఆ వాయువుకు ఇది మామిడి, ఇది కొత్తిమీర అని తెలియదు కదా. ఆకుకూర పండిపోతుంది, కీరదోస పసుపు రంగుకు తిరుగుతుంది, క్యారెట్ చేదెక్కుతుంది. పండ్లు ఒక మూల, కూరలు ఇంకో మూల. ఫ్రిజ్‌లో కూడా అంతే.

ఫ్రిజ్ గురించి ఇంకాస్త. మామూలుగా దాని లోపల 4 డిగ్రీలుంటుంది. ఆకుకూరలకు, క్యారెట్‌కు, క్యాబేజీకి, ద్రాక్షకు అది స్వర్గం. ఉష్ణదేశపు కాయలకు శిక్ష. అరటి 13 డిగ్రీల కన్నా తగ్గితే తొక్క నల్లబడుతుంది. వంకాయ, కీరదోస 10 డిగ్రీల కింద కొన్ని రోజులు ఉంటే గుంటలు పడి నీరు కారతాయి. అయినా ఈ ఎండల్లో బయట పెట్టమంటారా అని మీరు అడుగుతారు. బాగా అడిగారు. పుస్తకంలో 'గది ఉష్ణోగ్రత' అంటే ఇరవై రెండు, ఇరవై మూడు డిగ్రీలు. మన గది ఇప్పుడు 36. కాబట్టి మేలో వంకాయ, బెండ గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో అన్నిటికన్నా కింది అరలో రెండు మూడు రోజులు ఉంచండి, అంతకు మించవద్దు. డిసెంబరులో బయటే ఉంచండి.

టమాటా కూడా అంతే. వారం రోజులు 5 డిగ్రీల దగ్గర ఉంచితే టమాటా సువాసన ఇచ్చే పదార్థాలు తగ్గిపోతాయని, బయట పెట్టినా పూర్తిగా తిరిగి రావని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంవారు 2016లో చూపించారు. సగం పండినవి బయట, తొడిమ మచ్చ కిందికి పెట్టండి, నీరు ఎక్కువగా పోయేది ఆ మచ్చ నుంచే. బాగా పండినవి మేలో ఫ్రిజ్‌లోకి, రెండు రోజుల్లో చారులోకి. ఇంకో మాట, ఎండాకాలం టమాటా ఎందుకు నారింజ రంగులో ఆగిపోతుంది? ముప్పై డిగ్రీలు దాటితే ఎర్ర రంగు సరిగా తయారవదు. రంగు రాలేదని ఇంకా రెండు రోజులు ఎండ తగిలే కిటికీలో పెట్టేవారున్నారు. రంగు రాదు, కుళ్లు వస్తుంది.

బంగాళాదుంప ఫ్రిజ్‌లో పెట్టవద్దు. చలికి పిండి చక్కెరగా మారి, వేపుడు నల్లగా మాడుతుంది. వెలుతురులో పెట్టవద్దు, ఆకుపచ్చబడి చేదెక్కుతుంది. ఆ పచ్చదనం దగ్గర విషపదార్థం ఉంటుంది. మొలకనూ పచ్చ భాగాన్నీ లోతుగా కోసి పారేయాలి, దుంపంతా పచ్చబడితే దుంపంతా పారేయాలి.

నిమ్మకాయ మన సొత్తు. పొదలకూరు యార్డు నుంచి ఉత్తరాదికి లారీలు పోతాయి. ఎండాకాలం ధర మండుతుంది, వానలు పడితే పడిపోతుంది. మన నిమ్మకు తొక్క పలచన, బయట పెడితే నీరు పోయి నాలుగు రోజుల్లో బెరడు గట్టిపడుతుంది. తడి లేకుండా తుడిచి, మూత గట్టి డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు వారాలు మెత్తగా ఉంటాయి. ఆకుకూరకు చిల్లుల కవరు అన్నాను, నిమ్మకు మూత అంటున్నాను. ఎందుకు? నిమ్మ నెమ్మదిగా ఊపిరి తీస్తుంది, దానికి భయం నీరు పోవడం ఒక్కటే. వారానికొకసారి మూత తీసి, లోపల చెమ్మ ఉంటే తుడవండి. చవకగా దొరికినప్పుడు రసం పిండి ఐసు ట్రేలో గడ్డ కట్టించి పెట్టుకుంటే వచ్చే వేసవిలో నన్ను తలచుకుంటారు.

ఇక మీ ప్రశ్నలు. ఆ మూల నుంచి అమ్మగారు అడుగుతున్నారు, మైకులో వినపడదేమో, నేను మళ్లీ చెబుతాను: ఉప్పు, పసుపు నీళ్లలో కడిగి దాచవచ్చా? కడగడం వండే ముందు, ధారగా పడే నీళ్ల కింద, చేత్తో రుద్ది. దాచే ముందు వద్దు. మట్టి అంటిన దుంపలైతే పొడి గుడ్డతో దులపండి చాలు.

బూజు పట్టిన భాగం కోసేసి మిగతాది తినవచ్చా? మంచి ప్రశ్న. క్యారెట్, క్యాబేజీ లాంటి గట్టివాటికి బూజు చుట్టూ, కిందా అంగుళం మేర కోసేసి వాడవచ్చు, కత్తి బూజుకు తగలకూడదు. టమాటా, ద్రాక్ష, బొప్పాయి లాంటి మెత్తటివాటిలో బూజు పోగులు కంటికి కనపడకుండా లోపలికి పాకుతాయి. వాటిని పారేయండి. అత్తగారు ఏమంటారో అని భయపడకండి, ఆమెను కూడా ఈసారి తీసుకురండి.

అయ్యా, మీరు పుచ్చకాయ అడిగారు. కోయని కాయకు ఫ్రిజ్ అక్కరలేదు, నీడలో నేల మీద ఉంచండి. కోసిన ముక్క మాత్రం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, ఈ ఎండల్లో ఒక గంటే అనుకోండి. రోడ్డు పక్కన కోసి పెట్టిన ముక్కలు ఎప్పుడు కోశారో అడిగి తినండి.

చివరి ప్రశ్న, తుపాను వచ్చి రెండు మూడు రోజులు కరెంటు పోతే? మనకు ఇది ఊహ కాదు, 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు నెల్లూరు దగ్గర హైవే, రైలు మార్గం రెండూ తెగాయి, కూరల లారీలు ఎక్కడివక్కడ ఆగాయి. ఫ్రిజ్ తలుపు తీయకపోతే నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. ఆ లోపే పాలు, వండిన పదార్థాలు, కోసిన ముక్కలు ముందు వాడేయండి, ఆ తరువాత మిగిలితే పారేయండి. పచ్చి కూరలకు అంత కంగారు లేదు. తలుపు తెరిచి, వాటిని బయటికి తీసి, చెమ్మ తుడిచి, పలచగా పరచండి. మూసిన ఫ్రిజ్‌లో వెచ్చటి తేమలో వదిలేస్తేనే తొందరగా కుళ్లుతాయి. తుపాను హెచ్చరిక వినగానే బజారుకు వెళ్లేవారు టమాటా, తోటకూర కొనకండి. కంద, చేమదుంప, పసుపు దోసకాయ, గుమ్మడి, ఉల్లి కొనండి. దోసకాయను మాత్రం ఇంటికి తెచ్చేముందు తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూడండి, మెత్తగా దిగితే పక్కన పెట్టి ఇంకోటి తీసుకోండి.